వచ్చిన బస్సు, నేను వచ్చిన బస్సు: ఇంగ్లీషు సర్వనామాలు, రిలేటివ్ క్లాజులు తెలుగు వైపు నుంచి

కర్నూలు బస్టాండులో నిలబడి ఈ రెండు మాటలు అనుకోండి: ‘కడప నుంచి వచ్చిన బస్సు’, ‘నేను వచ్చిన బస్సు’. రెండింటిలోనూ ‘వచ్చిన’ ఒక్కటే. కానీ మొదటిదాంట్లో వచ్చింది బస్సు, రెండోదాంట్లో వచ్చింది నేను. ఈ తేడా మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది. ఇంగ్లీషు మాత్రం దీన్ని మాటల్లో పెట్టి చూపించమంటుంది: ‘ద బస్ దట్ కేమ్ ఫ్రమ్ కడప’, ‘ద బస్ దట్ ఐ కేమ్ ఆన్’. ఆ చివరి ‘ఆన్’ తెలుగు మీడియం పిల్లల రాతల్లో తరచూ జారిపోతుంది. ఎందుకు జారుతుందో పట్టుకుంటే రిలేటివ్ క్లాజుల పని, అంటే ‘దట్ ఐ కేమ్ ఆన్’లా నామవాచకం వెనక చేరి దాన్ని వర్ణించే ముక్కల పని, చాలావరకు అయిపోయినట్టే.

పదో తరగతి, ఇంటర్ చదివేవాళ్ళకూ, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ళకూ ఉపయోగపడేలా ఈ పద్ధతి రాస్తున్నాం. సూత్రాలు బట్టీ పట్టడం కాకుండా, మన తెలుగు వాక్యాన్నే విప్పి ఇంగ్లీషులో మళ్ళీ బిగించడం ఇందులోని కిటుకు. ముందు సర్వనామాలు సరిచేసుకోవాలి. ‘హూ’, ‘విచ్’ కూడా సర్వనామాలే కాబట్టి అక్కడి లోపం ఇక్కడికీ వస్తుంది.

సర్వనామాలు: ఎక్కడ కాలు జారుతుంది

మొదటి చిక్కు, తెలుగులో సర్వనామం లేకపోయినా వాక్యం నిలబడడం. ‘వచ్చినాడు’ అంటే చాలు, వచ్చింది మగవాడని, ఒక్కడేనని క్రియే చెబుతుంది. ఇంగ్లీషు ‘కేమ్’ ఏమీ చెప్పదు. అందుకే ‘హి కేమ్’ అనక తప్పదు. కర్త లేకుండా ఇంగ్లీషు వాక్యం రాయకూడదు, ఆజ్ఞాపించేటప్పుడు తప్ప. ‘వాన పడతాంది’ అనేటప్పుడు కూడా కర్త స్థానంలో ఏదో ఒకటి కూర్చోవాలి: ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. ఈ ‘ఇట్’కు అర్థం ఏమీ లేదు, ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టిన మాట అంతే. ‘ఇట్ ఈజ్ హాట్ ఇన్ అనంతపూర్’, ‘ఇట్ ఈజ్ టెన్ ఓ క్లాక్’ కూడా ఇదే కోవ. ‘రెయిన్ ఈజ్ కమింగ్’ అని రాస్తే ‘వాన వస్తాంది’ని మాటకు మాట మార్చినట్టే ఉంటుంది.

రెండోది మర్యాద. ఆయన, ఆయప్ప, ఆయమ్మ, వారు అని మనిషిని బట్టి మాట మారుస్తాం. ఇంగ్లీషులో హెడ్మాస్టరు గారైనా ‘హి’నే, జిల్లా కలెక్టరైనా ‘హి’ లేదా ‘షి’. ‘వారు’ అన్న గౌరవం మనసులో ఉండి ‘అవర్ హెడ్మాస్టర్ ఈజ్ స్ట్రిక్ట్, దే కమ్ ఎర్లీ’ అని రాస్తే చదివేవాడు ఆ ‘దే’ ఎవరా అని వెతుక్కుంటాడు. ఒక్క మనిషికి ‘దే’ వాడే సందర్భం వేరే ఉంది: ‘సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ బ్యాగ్’. సంచి వదిలింది ఆడో మగో తెలియనప్పుడు అలా అంటారు. అది గౌరవం కోసం కాదు.

మూడోది ‘తన’. ‘లక్ష్మి తన సంచి తెచ్చింది’, ‘రవి తన సంచి తెచ్చాడు’ రెండింటికీ మనకు ఒకే మాట సరిపోతుంది. ఇంగ్లీషులో సొంతదారు ఆడా మగా చూడాలి: ‘హర్ బ్యాగ్’, ‘హిజ్ బ్యాగ్’. వస్తువును చూడకండి, వస్తువు ఎవరిదో చూడండి. ‘లక్ష్మి కేమ్ విత్ హిజ్ బ్రదర్’ అని రాయడానికి కారణం, అన్న మగవాడు కాబట్టి ‘హిజ్’ అనుకోవడం. అన్న లక్ష్మికి అన్న, అందుకే ‘హర్ బ్రదర్’.

నాలుగోది ‘నాకు’. నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు కావాలి, నాకు జ్వరం వచ్చింది. ఇలాంటి చోట్ల మనం ‘కు’ వాడతాం కానీ ఇంగ్లీషులో ఆ మనిషే కర్త అవుతాడు: ‘ఐ నో’, ‘ఐ లైక్ ఇట్’, ‘ఐ వాంట్ ఇట్’, ‘ఐ హ్యావ్ ఫీవర్’. ‘మీ’ కాదు. ఇక ‘ఐ’, ‘మీ’ మధ్య సందేహం ఎక్కువగా ఇద్దరి పేర్లు కలిసినప్పుడే వస్తుంది. రెండో మనిషిని తీసేసి చదవండి. ‘సార్ కాల్డ్ రవి అండ్ ఐ’ సరైనదా? రవిని తీస్తే ‘సార్ కాల్డ్ ఐ’ మిగులుతుంది. చెవికే తప్పని తెలుస్తుంది, కాబట్టి ‘రవి అండ్ మీ’.

మేము, మనం అన్న తేడా ఇంగ్లీషులో లేదు, రెండూ ‘వి’నే. ‘అది’కి మాత్రం రెండు మాటలున్నాయి: వేలు పెట్టి చూపిస్తే ‘దట్’, ఇంతకుముందు చెప్పినదాన్ని మళ్ళీ అంటే ‘ఇట్’. ‘ఇట్స్’లో అపాస్ట్రఫీ ఉంటే ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’, లేకపోతే ‘దాని’. ‘హూజ్’కూ అంతే: అపాస్ట్రఫీతో రాసేది ‘హూ ఈజ్’, విడిగా స్పెల్లింగున్న మరోటి ‘ఎవరి’. పలికేటప్పుడు తేడా తెలియదు, రాతలోనే దొరికిపోతారు.

రిలేటివ్ క్లాజు: తెలుగును విప్పడం

తెలుగులో ‘ఉగ్గాని అమ్మే ఆయమ్మ’ అంటాం. వర్ణన ముందు, మనిషి వెనక. ‘అమ్మే’ అన్న మాటను వ్యాకరణంలో క్రియాజన్య విశేషణం అంటారు. క్రియ నుంచి పుట్టి, విశేషణంలా నామవాచకం ముందు నిలబడుతుంది. ఇంగ్లీషులో ఇది తలకిందులవుతుంది: ముందు మనిషి, తర్వాత ‘హూ’ అన్న కొక్కెం, దాని వెనక పూర్తి క్రియతో నడిచే వాక్యం. ‘ద ఉమన్ హూ సెల్స్ ఉగ్గాని’. దీన్ని చేరుకోవడానికి ఆరు మెట్లు.

మొదటి మెట్టు. తెలుగు పదబంధంలో చివరి నామవాచకం ఏదో గుర్తించండి. ‘నిన్న ఆదోని మార్కెట్లో మా నాన్న పత్తి అమ్మిన వ్యాపారి’లో అది ‘వ్యాపారి’. ఇంగ్లీషులో మొదట రాయాల్సింది ఇదే.

రెండో మెట్టు. మనిషా, వస్తువా, జంతువా? మనిషికి ‘హూ’, మిగిలినవాటికి ‘విచ్’. కామా లేని చోట రెండింటికీ ‘దట్’ చెల్లుతుంది, రాతలో మాత్రం మనిషికి ‘హూ’నే బాగుంటుంది.

మూడో మెట్టు అన్నిటికంటే ముఖ్యం. ఆ పదబంధాన్ని విప్పి పూర్తి వాక్యం చేయండి, చివరి నామవాచకానికి ఏ విభక్తి తగులుతుందో చూడండి. ‘మా నాన్న ఆ వ్యాపారికి పత్తి అమ్మాడు.’ ఆ ‘కి’ ఇంతసేపూ ‘అమ్మిన’లో దాక్కుని ఉంది. ఇంగ్లీషులో అదే ‘టు’ అయి బయటికి రావాలి: ‘ద ట్రేడర్ హూ మై ఫాదర్ సోల్డ్ ద కాటన్ టు’. గంభీరమైన రాతలో ‘ద ట్రేడర్ టు హూమ్ మై ఫాదర్ సోల్డ్ ద కాటన్’.

ఇంకొన్ని విప్పి చూద్దాం. ‘మామిడికాయ కోసిన కత్తి’ అంటే ‘కత్తితో కోశాను’: ‘ద నైఫ్ ఐ కట్ ద మ్యాంగో విత్’. ‘మేము ఎదురుచూస్తున్న రైలు’ అంటే ‘రైలు కోసం’: ‘ద ట్రెయిన్ వి ఆర్ వెయిటింగ్ ఫర్’. ‘నువ్వు మాట్లాడుతున్న విషయం’ అంటే ‘విషయం గురించి’: ‘ద మ్యాటర్ యు ఆర్ టాకింగ్ అబౌట్’. ‘అవ్వ కూర్చున్న మంచం’ అంటే ‘మంచం మీద’: ‘ద కాట్ గ్రాండ్‌మదర్ ఈజ్ సిట్టింగ్ ఆన్’. వాక్యం చివర ప్రిపోజిషన్ (టు, విత్, ఫర్, ఆన్ లాంటి మాట) వేలాడుతుంటే తప్పనిపిస్తుంది చాలామందికి. తప్పు కాదు, ఇంగ్లీషువాళ్ళు మామూలుగా మాట్లాడేది అలాగే. దాన్ని తీసేయడమే తప్పు.

ఒక హెచ్చరిక. తెలుగు విభక్తి అక్కడ ఏదో ఒక ప్రిపోజిషన్ కావాలేమో చూడమని సూచిస్తుంది, అది ఏదో తేల్చేది ఇంగ్లీషు క్రియ. ‘నేను భయపడే కుక్క’లో ‘కుక్కకు’ అన్నాం కదా అని ‘టు’ రాయకూడదు, ‘ద డాగ్ ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్’. ‘బస్సులో’ అంటాం, ఇంగ్లీషులో ‘ఆన్’. ‘నాతో చెప్పాడు’లో ‘తో’ ఉన్నా ‘టోల్డ్ మీ’కి ప్రిపోజిషన్ అక్కర్లేదు. అందుకే కొత్త క్రియ నేర్చుకున్నప్పుడల్లా ప్రిపోజిషన్‌తో కలిపే రాసుకోండి: వెయిట్ ఫర్, లిజన్ టు, డిపెండ్ ఆన్, బిలాంగ్ టు, అఫ్రెయిడ్ ఆఫ్.

‘ని’ ఉందా లేదా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ‘పులిని చంపిన మనిషి’, ‘పులి చంపిన మనిషి’. ఒక్క అక్షరం పోతే మనిషి ప్రాణమే పోయింది. ఇంగ్లీషులో ఈ తేడాను పదాల వరస చూపిస్తుంది: ‘ద మ్యాన్ హూ కిల్డ్ ద టైగర్’, ‘ద మ్యాన్ హూమ్ ద టైగర్ కిల్డ్’. ‘హూ’, ‘హూమ్’ తేల్చడానికి తెలుగులో ప్రశ్న వేసుకోండి. ‘ఎవరు?’ అని వస్తే ‘హూ’. ‘ఎవరిని, ఎవరికి, ఎవరితో?’ అని వస్తే ‘హూమ్’. మాటల్లో ‘హూమ్’ బదులు ‘హూ’ చెల్లిపోతుంది. కానీ ప్రిపోజిషన్ వెంటనే వస్తే ‘టు హూమ్’, ‘విత్ హూమ్’ తప్పనిసరి.

నాలుగో మెట్టు. విప్పిన వాక్యంలోంచి ఆ నామవాచకాన్ని తీసేసి, దాని బదులు ఆ వాక్యం మొదట్లో కొక్కెం పెట్టండి. తీసేయడం మరిచిపోకండి. ‘ద మ్యాన్ హూ ఐ మెట్ హిమ్’ అన్నది ఎక్కువగా కనిపించే తప్పు. ‘హూ’ ఉందంటే ఆ మనిషి అప్పటికే వాక్యంలో ఉన్నాడు, ‘హిమ్’ వస్తే ఒకే మనిషి రెండుసార్లు వచ్చినట్టు. ‘ఎవరు కష్టపడతారో వాళ్ళు పాసవుతారు’ అనే మన అలవాటు కూడా ‘హూ వర్క్ హార్డ్ దే విల్ పాస్’ అని రాయిస్తుంది. అక్కడ కావాల్సింది ‘దోజ్ హూ వర్క్ హార్డ్ విల్ పాస్’.

ఐదో మెట్టు కాలం. ఇక్కడ కాస్త నిదానించాలి. మన క్రియాజన్య విశేషణాలు ఒక్కోటి రెండు మూడు కాలాలు మోస్తాయి. ‘అనంతపురం పోయే బస్సు’ అంటే రోజూ పోయేదా, రేపు పోబోయేదా? రోజూ అయితే ‘ద బస్ దట్ గోస్ టు అనంతపూర్’, పోబోయేదైతే ‘ద బస్ దట్ విల్ గో’, ఇప్పుడు పోతూ ఉంటే ‘దట్ ఈజ్ గోయింగ్’. ‘రాని బస్సు’ ఇంకా చిక్కు: రోజూ రాదా, నిన్న రాలేదా, ఇంకా రాలేదా? ‘దట్ డజ్ నాట్ కమ్’, ‘దట్ డిడ్ నాట్ కమ్’, ‘దట్ హ్యాజ్ నాట్ కమ్’. ‘ఉన్న’ కూడా అంతే, ‘ఈజ్’ కావచ్చు, ‘వాజ్’ కావచ్చు. తెలుగు పదబంధం చూసి కాలం చెప్పలేరు. మూడో మెట్టులో విప్పిన పూర్తి వాక్యంలోని క్రియను చూసే చెప్పాలి. ఈ ఒక్క కారణానికైనా ఆ మెట్టు దాటవేయకూడదు.

క్రియ ఏకవచనమా బహువచనమా అన్నది కొక్కెం ముందున్న నామవాచకాన్ని బట్టి: ‘ఎ ఫార్మర్ హూ గ్రోస్ గ్రౌండ్‌నట్’, ‘ఫార్మర్స్ హూ గ్రో గ్రౌండ్‌నట్’. శెనక్కాయలు పండించే రైతు ఒక్కడైనా పదిమందైనా తెలుగులో ‘పండించే’ మారదు, అందుకే మనం మరిచిపోతాం.

ఆరో మెట్టు. తయారైన ముక్కను పెద్ద వాక్యంలో, నామవాచకం పక్కనే పెట్టండి. ‘ఐ గేవ్ ద బ్యాగ్ టు ద డ్రైవర్ దట్ వాజ్ టోర్న్’ అంటే చిరిగింది డ్రైవరు అవుతాడు. ‘ద బ్యాగ్ దట్ వాజ్ టోర్న్’ అని సంచి పక్కనే ఉండాలి. తర్వాత క్రియలు లెక్కపెట్టండి. ‘ద బస్ దట్ కేమ్ ఫ్రమ్ కర్నూల్ వాజ్ ఫుల్’లో క్రియలు రెండు, కేమ్, వాజ్. ఒక్కటే ఉంటే ముఖ్య క్రియ రాయడం మరిచిపోయారని అర్థం. ‘ద బస్ దట్ కేమ్ ఫ్రమ్ కర్నూల్’ అని ఫుల్‌స్టాప్ పెడితే, ఆ బస్సు ఏమైందని చదివేవాడు అడుగుతాడు.

కొక్కెం ఎప్పుడు తీసేయొచ్చు

కొక్కెం తర్వాత ఇంకో కర్త ఉంటే తీసేయొచ్చు: ‘ద శారీ ఐ బాట్ ఇన్ ధర్మవరం’. కొక్కెం తర్వాత వెంటనే క్రియ ఉంటే తీయకూడదు. ‘ద బాయ్ కేమ్ యెస్టర్డే ఈజ్ మై బ్రదర్’ అంటే వినేవాడు ‘కేమ్’ దగ్గరే వాక్యం తేలిపోయిందనుకుంటాడు, ‘ఈజ్’ రాగానే తికమకపడతాడు. ‘హూ’ ఉంటే, అసలు క్రియ ఇంకా రాలేదు ఆగు అని చెప్పినట్టు.

కామా చెప్పే సంగతి

తెలుగులో దీనికి సరితూగే గుర్తు లేదు కాబట్టి నిదానంగా చదవండి. ‘ధర్మవరంలో ఉన్న మా అన్న’ అన్నప్పుడు అన్నలు ఇద్దరు ముగ్గురు ఉన్నారా, ఒక్కడేనా అన్నది మాటలో తెలియదు. ఇంగ్లీషులో తెలుస్తుంది. కామాలు లేకుండా ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ ధర్మవరం ఈజ్ ఎ వీవర్’ అంటే చాలామందిలో ధర్మవరంలో ఉండే అన్న. ‘మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ ధర్మవరం, ఈజ్ ఎ వీవర్’ అంటే ఉన్నది ఒక్క అన్నే, ఊరి సంగతి అదనం. పరీక్ష ఇది: కామాల మధ్య ఉన్నది తీసేసినా ఎవరో ఏదో తెలుస్తోందా? తెలిస్తే కామాలు పెట్టాలి.

పేరు పెట్టి చెప్పిన ఊరికి, మనిషికి దాదాపు ఎప్పుడూ కామా పడుతుంది, ఎందుకంటే పేరుతోనే గుర్తు అయిపోయింది. ‘కర్నూల్, విచ్ వాజ్ ద క్యాపిటల్ ఆఫ్ ఆంధ్ర స్టేట్ ఫ్రమ్ 1953 టు 1956, స్టాండ్స్ ఆన్ ద తుంగభద్ర.’ ‘నీలం సంజీవరెడ్డి, హూ వాజ్ బార్న్ ఇన్ ఇల్లూరు, బికేమ్ ప్రెసిడెంట్ ఇన్ 1977.’ ‘సి.పి. బ్రౌన్, హూ కేమ్ టు కడప ఇన్ 1820, కలెక్టెడ్ తెలుగు మాన్యుస్క్రిప్ట్స్.’ కామా ఉన్న చోట ‘దట్’ రాదు, కొక్కెం తీసేయడమూ కుదరదు. రెండు కామాల్లో ఒకటి పెట్టి రెండోది మరవడం మామూలు పొరపాటు. తలుపు తెరిచినట్టే మూయాలి.

హూజ్, వేర్, వాట్

‘కొడుకు బెంగళూరులో ఉన్న రైతు.’ విప్పితే ‘ఆ రైతు కొడుకు బెంగళూరులో ఉన్నాడు’. ‘రైతు యొక్క’ అన్న సంబంధం తేలింది కాబట్టి ‘హూజ్’: ‘ద ఫార్మర్ హూజ్ సన్ ఈజ్ ఇన్ బెంగళూరు’. ‘హూజ్’ తర్వాత ‘హిజ్’ గానీ ‘ద’ గానీ రాయకండి. ఇది వస్తువులకూ పనికొస్తుంది, ‘ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్’.

‘వేర్’ దగ్గర రెండు రకాల తప్పులు. ‘ద విలేజ్ వేర్ ఐ వాజ్ బార్న్ ఇన్’ మొదటిది. ‘వేర్’లోనే ‘ఇన్’ ఉంది. రెండోది ‘గండికోట ఈజ్ ఎ ప్లేస్ వేర్ ఐ విజిటెడ్’. చోటు కనిపించగానే ‘వేర్’ రాసేశారు. ‘విజిట్’కు చోటే కర్మ, ప్రిపోజిషన్ అక్కర్లేదు, అందుకే ‘ఎ ప్లేస్ దట్ ఐ విజిటెడ్’. ‘వెంట్’ అయితే ‘వేర్ ఐ వెంట్’ సరే. క్రియ ఏం అడుగుతుందో చూడాలి, నామవాచకం ఊరా పేటా అని కాదు.

‘వాట్’కు తెలుగులో చక్కని గుర్తు ఉంది. ‘నువ్వు చెప్పిన మాట’లో నామవాచకం ఉంది: ‘ద థింగ్ దట్ యు సెడ్’. ‘నువ్వు చెప్పింది’లో నామవాచకం లేదు, ‘ది’ మాత్రమే ఉంది: ‘వాట్ యు సెడ్’. చివర ‘ది’ ఉంటే ‘వాట్’, ‘వాడు’ ఉంటే ‘ద వన్ హూ’, ‘వాళ్ళు’ ఉంటే ‘దోజ్ హూ’. ‘ద థింగ్ వాట్ యు సెడ్’ అని రెండూ కలపకూడదు. ఆల్, ఎవ్రీథింగ్, నథింగ్, ద ఓన్లీ లాంటి మాటల తర్వాత ‘విచ్’ కంటే ‘దట్’ నప్పుతుంది: ‘ఎవ్రీథింగ్ దట్ ఐ నో’.

పరీక్షలో రెండు వాక్యాలు కలపమంటే

రెండిట్లోనూ ఉన్న ఒకే మనిషిని లేదా వస్తువును గీత గీసి చూపండి. రెండో వాక్యంలో ఆ మాటను కొట్టేసి కొక్కెం రాయండి. ఆ ముక్కను మొదటి వాక్యంలో గీత గీసిన మాట పక్కన అతికించండి. ‘ద లైబ్రరీ ఈజ్ ఇన్ కడప. ఇట్ ఈజ్ నేమ్డ్ ఆఫ్టర్ బ్రౌన్.’ ఉమ్మడి మాట లైబ్రరీ, ‘ఇట్’ పోయి ‘విచ్’ వచ్చింది: ‘ద లైబ్రరీ విచ్ ఈజ్ నేమ్డ్ ఆఫ్టర్ బ్రౌన్ ఈజ్ ఇన్ కడప.’ ముక్కను మధ్యలో కాకుండా చివర అతికించి ‘ద లైబ్రరీ ఈజ్ ఇన్ కడప విచ్ ఈజ్ నేమ్డ్ ఆఫ్టర్ బ్రౌన్’ అని రాస్తే బ్రౌన్ పేరు కడప ఊరికి తగులుకుంటుంది.

రోజుకు ఐదు పదబంధాలు చాలు. ఇంట్లో, బజారులో అనే మాటల్నే తీసుకోండి, పుస్తకంలోవి వద్దు. ఒక్కోదానికి మూడు వరసలు రాయాలి: తెలుగు పదబంధం, విప్పిన వాక్యం, ఇంగ్లీషు. మధ్య వరస దాటేసిన రోజే ప్రిపోజిషన్ పోతుంది.

మొదలుపెట్టడానికి ఐదు: అవ్వ వండిన సంకటి, నేను సైకిల్ కొన్న అంగడి, అక్క పనిచేసే స్కూలు, నిన్న నాకు దారి చూపినాయప్ప, కాళ్ళు విరిగిన కుర్చీ.

జవాబులు చూసేముందు ఒకసారి రాయండి. అవ్వ సంకటిని వండింది: ‘ద సంకటి గ్రాండ్‌మదర్ కుక్డ్’. అంగడిలో కొన్నాను: ‘ద షాప్ వేర్ ఐ బాట్ ద సైకిల్’, లేదా ‘ద షాప్ ఐ బాట్ ద సైకిల్ ఫ్రమ్’. అక్క స్కూల్లో పనిచేస్తుంది, రోజూ జరిగేది కాబట్టి వర్తమానం: ‘ద స్కూల్ వేర్ మై సిస్టర్ వర్క్స్’. ఆయప్ప దారి చూపినాడు, ‘హూ’ తర్వాత వెంటనే క్రియ ఉంది కాబట్టి కొక్కెం తీయకూడదు: ‘ద మ్యాన్ హూ షోడ్ మీ ద వే యెస్టర్డే’. కుర్చీ కాళ్ళు విరిగాయి: ‘ద చెయిర్ హూజ్ లెగ్స్ ఆర్ బ్రోకెన్’. ఇక్కడ ‘ఆర్’ బదులు ‘ఈజ్’ రాసి ఉంటే, కుర్చీ ఒక్కటే కదా అని చూసి ఉంటారు. ‘హూజ్’ తర్వాత క్రియకు కర్త ‘లెగ్స్’, అది బహువచనం.